కుట్టుమిషను ఇచ్చాం కదా!

మా చిన్నపిన్ని భర్త పోయేనాటికి ఆమెకి ఇరవై తొమ్మిదేళ్లు. పెద్దకర్మ అయిన సాయంత్రం మామయ్యలు అరుగు మీద కూర్చుని ఆమె సంగతి మాట్లాడుకున్నారు. "ఓ కుట్టుమిషను కొనిపెడదాం, జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది" అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పిన్నికి నాట్లు తెలుసు, కలుపులు తెలుసు, కౌలు లెక్కలు తెలుసు. తెలియనిదల్లా కుట్టుపనే! అత్తవారివైపు నుంచి ఆమెకి రావలసిన ఎకరంన్నర మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఆమే ఎత్తితే "మీవాళ్లు మిషను కొనిచ్చారుగా" అని అటువాళ్లు, "మిషను కొనిచ్చాంగా" అని ఇటువాళ్లు అన్నారు. ఆ మిషను మీదే పిన్ని ఇద్దరు పిల్లల్ని చదివించింది. పొలం మాత్రం రాలేదు.

యుద్ధానంతర శ్రీలంక గురించి చదివినప్పుడల్లా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

2009 మేలో అక్కడ యుద్ధం ముగిసింది. వన్ని ప్రాంతం నుంచి బయటపడ్డ దాదాపు మూడు లక్షలమంది తమిళుల్ని మెనిక్ ఫామ్ వంటి శిబిరాల్లో ముళ్లకంచెల వెనక ఉంచారు. మెనిక్ ఫామ్ మూతపడింది 2012 సెప్టెంబరులో. ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో యుద్ధ వితంతువులు 89 వేలమంది అని 2010లో అక్కడి ఉపమంత్రి ఒకరు లెక్క చెప్పారు. వాళ్ల కోసం కుట్టుమిషన్లు వచ్చాయి, కోళ్లు వచ్చాయి, శిక్షణా తరగతులు వచ్చాయి. పునరావాస కేంద్రాలకు పంపిన దాదాపు 12 వేలమంది మాజీ పులుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. కొందరు ఇష్టపడి, కొందరు బలవంతాన తుపాకి పట్టినవాళ్లు. వాళ్లకి నేర్పిన వాటిలో కుట్టుపని, బ్యూటీషియన్ పని ముఖ్యమైనవి. యుద్ధం వాళ్లని ఇంట్లోంచి లాక్కుపోతే, శాంతి మళ్లీ అద్దం ముందుకీ మిషను ముందుకీ తెచ్చి కూర్చోబెట్టింది.

శిక్షణ అనే మాటలోనే ఒక తీర్పు దాగి ఉంది. నీకేదో రాదు, అందుకే నీకు బతుకుతెరువు లేదు, మేం నేర్పుతాం అని ఆ మాటకి అర్థం. కానీ ఆ స్త్రీలు వరి పండించినవాళ్లు, చేపలు ఎండబెట్టి అమ్మినవాళ్లు, బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లు. వాళ్లు పోగొట్టుకున్నది నైపుణ్యం కాదు. భూమిని, తీరాన్ని, మనుషుల్ని. ముల్లైత్తీవు జిల్లా కేప్పాపిలవులో 2017 జనవరి చివర ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వైమానికదళ స్థావరం ముందు రాత్రింబవళ్లు కూర్చున్నారు. మా భూమి మాకివ్వండి అన్నారు తప్ప, మాకు పని నేర్పండి అనలేదు. మార్చిలో కొంత భూమి వదిలారు.

అయితే ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. కుట్టుమిషన్ని వెక్కిరించడం మనలాంటి నెలజీతాల వాళ్లకి తేలిక. సాయంత్రానికి పొయ్యి వెలగాల్సిన ఇంట్లో అది వెక్కిరింతకి లొంగే వస్తువు కాదు. సొంతంగా నాలుగు డబ్బులు చేతిలో ఉండటమంటే బావగారి ముందో మరిది ముందో చెయ్యి చాపకుండా ఉండటం. న్యాయం వచ్చేదాకా సాయం వద్దనమని ఇంకొకరికి చెప్పే నైతిక హక్కు మనకెవరిచ్చారు? పిన్నితో ఆ మాట నేను అనగలనా?

కాబట్టి నా ప్రశ్న తీసుకునేవాళ్లని గురించి కాదు, ఇచ్చేవాళ్లని గురించి. ఇచ్చినదాన్ని వాళ్లు ఏ పద్దులో రాసుకుంటున్నారు? సాయం పద్దులోనా, బాకీ తీరిన పద్దులోనా?

ఈ తేడా కాగితాల దగ్గర బయటపడుతుంది. భర్తో కొడుకో కనిపించకుండా పోయిన స్త్రీ పరిహారం అడిగితే మరణ ధృవపత్రం తెమ్మనేవారు. అన్నం కావాలంటే అతను చనిపోయాడని ఒప్పుకోవాలి. 2016లో చట్టం సవరించి, కనిపించకుండా పోయినట్టు ధృవపత్రం ఇచ్చే వీలు కల్పించారు. చిన్న మార్పే, కానీ ఎంత పెద్ద విషయం! ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కిళినొచ్చిలో తల్లులు తమ పిల్లలెక్కడని అడుగుతూ గుడి దగ్గర దీక్షకి కూర్చున్నారు. డబ్బు తీసుకుంటే ప్రశ్న వదిలేసినట్టని లోకం అనుకుంటుందేమోనన్న భయం ఆ తల్లులకి లేకుండా చెయ్యడమే సాయం చేసేవాళ్ల మొదటి బాధ్యత.

రెండో సంగతి అప్పు. నేర్చుకున్న పనికి పెట్టుబడి కావాలి కదా. యుద్ధం ముగిశాక ఉత్తరాదికి సూక్ష్మరుణ కంపెనీలు బారులు తీరాయి. 2018 నాటికి కరువు జిల్లాల స్త్రీల లక్ష రూపాయల లోపు బాకీలు ప్రభుత్వమే రద్దు చెయ్యాల్సివచ్చింది. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్స్ ఎందుకొచ్చిందో తెలిసిన మనకి ఈ కథ కొత్త కాదు. భూమిలేని చేతికి పని మాత్రమే ఇస్తే, ఆ పనిని వడ్డీ తినేస్తుంది.

భారత ప్రభుత్వ సాయంతో అహ్మదాబాదు 'సేవ' సంస్థ బట్టికలోవా ప్రాంతపు యుద్ధ వితంతువులకి శిక్షణ ఇచ్చింది. ఆ సంస్థ 1972లో పుట్టింది కార్మికసంఘంగా. పని నేర్పడంతోపాటు, ఆ పనికి ధర అడగటానికి పదిమందీ కలిసి నిలబడటం దాని మూలసూత్రం. శిక్షణ ఎక్కడ ఇచ్చినా నేను వెతికేది ఆ రెండో సగం కోసమే. ఒంటరిగా మిషను ముందు కూర్చున్న స్త్రీ జాకెట్టుకింత అని తీసుకుంటుంది. పదిమంది కలిస్తే కూలిరేటుతో మొదలుపెట్టి భూమి దాకా, తప్పిపోయిన మనిషి దాకా అడగగలరు.

నేనూ కొన్నాళ్లు మహిళా శిక్షణా తరగతుల్లో సాధికారత పాఠాలు చెప్పాను. చేరేటప్పుడు నింపించే ఫారంలో పేరు, వయసు, చదువు, ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు అని ఉండేది. మీకింతకుముందు ఏ పని వచ్చు, మీ దగ్గర్నుంచి ఏం పోయింది, ఎవరు తీసుకున్నారు అని ఉండేది కాదు. ఉండాలని నాకూ తోచలేదు.

కిందటేడు పిన్నిని అడిగాను, మామయ్యల మీద కోపం లేదా అని. బాబిన్ సర్దుకుంటూ, "మిషను మంచిదే అమ్మా. వాళ్ల మేలు మరచిపోను. పొలం కూడా నాదే" అంది.

ఆ మూడు వాక్యాల్లో దేన్నీ ఇంకోదానికి బదులుగా ఆమె చెప్పలేదు.