గేటు దాటాక

పొద్దున్నే బ్యారక్ దగ్గర మాత్రలిచ్చే వేళ. ఖైదీ చెయ్యి చాపుతాడు, మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగుతాడు. తర్వాత నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి. మాత్రలు నాలుక కింద దాచి, పోగుచేసుకుని ఒక్కసారే మింగేవాళ్లుంటారు. అందుకే ఆ తనిఖీ.

అనుమానంగానూ చూడాలి, ప్రేమగానూ చూడాలి. పగలంతా అలా చూసి ఇంటికొచ్చిన సిస్టర్, నీ మనసు బరువెక్కితే అది తప్పు కాదమ్మా.

కట్టు కడుతుంటే ‘ఇతనేం చేసి వచ్చాడో’ అనిపిస్తోందా? ఫిలిప్పీ చెరసాల గుర్తు చేసుకో. బెత్తాల దెబ్బలు తిన్న పౌలును, సీలను లోపలి గదిలోకి తోసి, కాళ్లకు బొండ బిగించింది ఆ చెరసాల అధికారే. అదే రాత్రి వాళ్ల గాయాలు కడిగిందీ అతనే. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో అందరికీ భూకంపం గుర్తుంటుంది. రాసిన లూకా వైద్యుడు కదా, ఆ కడగడాన్ని కూడా వదిలిపెట్టలేదు.

నీ అసలు దిగులు వేరే ఉందేమో. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. రెండో నెలకు దగ్గు తగ్గి, మనిషి కాస్త తేరుకుంటాడు. ఒక సాయంత్రం బెయిల్ వస్తుంది, సంచీ తీసుకుని వెళ్లిపోతాడు. మిగతా మందులు ఎవరిస్తారు? మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుందని, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చని నీకు తెలుసు.

నెల్సన్ మండేలాకు జైల్లో ఉండగానే, 1988లో, క్షయ బయటపడింది. వైద్యం అందింది, కోలుకున్నాడు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించి, ఆయన పేరు పెట్టిన నియమాలు, బయటివాళ్లకు అందే స్థాయి వైద్యమే ఖైదీకీ అందాలంటాయి. అది మధ్యలో తెగిపోకూడదనీ అంటాయి. నీ దిగులు న్యాయమైనదే.

ఆ గేటు దాటి నువ్వు వెంట వెళ్లలేవు. ప్రభువు వెళ్తాడు. చెరలో యోసేపుకు తోడున్నవాడు, బయటికొచ్చాక అతన్ని వదిలేశాడా? నువ్వు లేనిచోట ఆయనా లేడని ఎందుకనుకుంటావు? డ్యూటీలో ఎవరూ గమనించని నీ చేతుల్ని కూడా ఆయన చూస్తూనే ఉన్నాడు.

రేపు ఒక్క పని చేద్దాం. బెయిల్ వచ్చేదాకా ఆగకుండా, మందులు వాడుతున్న ప్రతివాడి ఊరు, దగ్గరి పీహెచ్‌సీ అడిగి ఇప్పుడే రాసిపెట్టుకో. వెళ్లే రోజున ఎన్నాళ్ల మందు పూర్తయిందో చీటీ రాసి చేతికివ్వు. నంబరుతో కాదు, పేరు పెట్టి పిలిచి ఇవ్వు. ఆ పేరును ఆ రాత్రి ప్రార్థనలో ప్రభువుకు అప్పగించు.