మాట నేర్పేది వ్యవహారమే

భాష నియమాల వల్ల అబ్బుతుందా, వాడుక వల్ల అబ్బుతుందా అన్న ప్రశ్న విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సంభాషణ నేర్పే అధ్యాపకుడికే కాక, పూర్వం మీమాంసకులకూ ఎదురైంది. వేదవాక్యం మనిషిని కర్మకు ఎలా పురికొల్పుతుందో చెప్పాలంటే, మాటకు అర్థం ఎలా తెలుస్తుందో వారు ముందుగా తేల్చుకోవలసి వచ్చింది.

వారి సమాధానానికి వృద్ధవ్యవహారమని పేరు. వృద్ధుడంటే ఇక్కడ ముసలివాడు కాదు, భాష ముందే తెలిసిన పెద్ద. ఒక పెద్ద మరొకరిని ఆవును తెమ్మంటాడు, తరువాత గుర్రాన్ని తెమ్మంటాడు, ఆపైన ఆవును కట్టెయ్యమంటాడు. మాటలో ఏ పదం మారితే పనిలో ఏది మారిందో గమనిస్తూ, పక్కనున్న పిల్లవాడు ఒక్కొక్క పదానికి అర్థం విడదీసుకుంటాడు.

ఆ పదాలు వాక్యార్థాన్ని ఎలా ఇస్తాయన్న దానిపై మీమాంసకుల్లో రెండు వర్గాలు: పదాలు పరస్పర సంబంధంతోనే అర్థాన్నిస్తాయనే అన్వితాభిధానం ప్రాభాకరులది; విడివిడి అర్థాలు ముందు తెలిసి, తరువాత కలుస్తాయనే అభిహితాన్వయం భాట్టులది. ఎమ్మిగనూరుకు దగ్గరలోని మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి మీమాంసకు మూలమైన జైమిని సూత్రాలపై భాట్టసంగ్రహం రచించారు గనుక, ఈ చర్చ ఆ ప్రాంతానికి పరాయిది కాదు. వ్యాకరణం, నిఘంటువు కూడా అర్థాన్ని తెలిపే సాధనాలే అయినా, వాటిని అందుకోవడానికి ఏదో ఒక భాష ముందే వచ్చి ఉండాలి. అందుకే వ్యవహారానిది మొదటి స్థానం.

1979లో ఎన్.ఎస్. ప్రభు దక్షిణ భారత పాఠశాలల్లో ఇంగ్లీషు బోధనకు మొదలుపెట్టిన బెంగళూరు ప్రాజెక్టు ఇంచుమించు ఈ దారినే నడిచి, నియమాలను కాక, అర్థంతో తేల్చవలసిన పనులను పాఠం చేసింది. అయితే ఒక ఆక్షేపణ మిగిలే ఉంది: ఆదోని పత్తి బేరంలో కన్నడం మాట్లాడేవాడికి అవసరమే గురువు కాగా, తెలుగు తెలిసిన ఇద్దరు విద్యార్థులు తరగతిలో ఇంగ్లీషులో బేరమాడటం నటనే కదా? ఒకరి దగ్గర ధరల పట్టీ, మరొకరి దగ్గర కొనుగోలుదారుడి షరతులు మాత్రమే ఉండి, ఒకరి కాగితం ఒకరికి చూపకుండా ఒప్పందం కుదరాలన్నప్పుడు, పాత్రలు నటనే అయినా తెలియనిది అడగవలసిన అవసరం నిజమవుతుంది. అయితే మీమాంసకుల ఉదాహరణలోని పిల్లవాడు మాట్లాడటానికి ముందు విన్నాడు, చూశాడు; కాబట్టి మొదటిరోజే విద్యార్థిని వేదిక ఎక్కించడం పద్ధతి కాదు.

మాట ఫలితంగా ఏదో ఒక పని జరిగితేనే అది వ్యవహారం. జరగనిది ఎంత సందడిగా సాగినా వల్లెవేతే.