మందసం తరలిపోయాక

ధ్యాన భాగం: 2 సమూయేలు 6:9–12, 1 దినవృత్తాంతములు 15:24

విశాఖ ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా. మూడోది రాస్ హిల్. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు ఉన్నచోట తర్వాత మేరీమాత ప్రార్థనాలయం వెలిసింది. డిసెంబరు 8న పండుగకు జనం కొండెక్కుతారు.

పాత గోవాలో దీనికి ఎదురు కథ ఉంది. 17వ శతాబ్దంలో సన్యాసినుల కోసం కట్టిన సాంతా మోనికా కాన్వెంటులోకి 2002లో క్రైస్తవ కళా మ్యూజియం వచ్చింది. అందులో పక్షి ఆకారంలో చేసిన వెండి పేటిక ఒకటుంది. దివ్యసత్ప్రసాదం ఉంచడానికి చేసిన పేటిక అది; దాని ముందు మోకరించేవారు. ఇప్పుడు టికెట్టు కొని చూస్తాం, కంసాలి పనితనం మెచ్చుకుంటాం. తప్పేమీ లేదు, అదీ ఒక స్తోత్రమే. కాకపోతే చెప్పులు విడవాలా అక్కర్లేదా అని కాళ్ళు తటపటాయిస్తాయి.

ఓబేదెదోము ఇంట్లో ఈ రెండు మార్పులూ మూడు నెలల్లో జరిగిపోయాయి. దేవుని మందసాన్ని ముట్టిన ఉజ్జా చావుతో బెదిరిన దావీదు, దాన్ని ఈ గిత్తీయుడి ఇంటికి మళ్ళించాడు. ఇల్లంతా దీవెన. ఆ కబురు విని దావీదే మళ్ళీ వచ్చి తీసుకుపోయాడు. మిగిలింది ఖాళీ మూల. ఆ మూలకో దండ వేసి, వచ్చేపోయేవాళ్ళకు చూపించుకుంటూ బతికేయొచ్చు. ఊళ్ళో పరపతీ పెరిగేది. అయితే దినవృత్తాంతములలో అదే పేరు యెరూషలేములో, మందసం దగ్గరి ద్వారపాలకుల్లో కనిపిస్తుంది. ఆయన వేరు, ఈయన వేరు అనే పండితులున్నారు. నాకు మాత్రం ఆయనేననిపిస్తుంది. మందసం ఉన్న ఇంట్లో మూడు నెలలు నిద్రలేచినవాడికి, అది వెళ్ళిపోయిన ఇంట్లో పొద్దు ఎలా గడుస్తుంది?

బాప్తిస్మం నాటి ఫోటో, అమ్మ గీతలు గీసుకుని చదివిన బైబిలు, ఉజ్జీవ కూటాల్లో ఎప్పుడో చెప్పిన సాక్ష్యం. దుమ్ము తుడిచి చూపించుకోవడానికి మన ఇళ్ళలోనూ ఇలాంటివి ఉన్నాయి.

ప్రార్థన: ప్రభువా, నిన్నటి దీవెనకు నన్ను కాపలాదారుణ్ణి చేయకు. నీవు కదిలిన దారిన నన్నూ కదిలించు. లోపల చోటు లేకుంటే తలుపు దగ్గరైనా నిలబెట్టు. ఆమేన్.