అంధునకు తొలిదారి

మహాభారతమున అరణ్యపర్వమునందు అష్టావక్రుని కథ కలదు. ఎనిమిది వంకరల దేహముతో జన్మించిన ఆ బాలుడు, మేనమామయగు శ్వేతకేతునితో కూడి జనకుని యజ్ఞశాలకు పోవుచుండగా త్రోవలో రాజు ఎదురయ్యెను. తొలగుమనగా బాలుడు జంకక మార్గధర్మమును వినిపించెను. అతడు చెప్పిన వరుసలో అంధుడును, బధిరుడును, స్త్రీయు, బరువు మోయువాడును రాజునకంటె ముందు నిలిచిరి. రాజు ఆ మాటను మన్నించి దారి విడిచెను.

ఆ ధర్మము మట్టిబాటకే పరిమితము కాదు. ఈనాడు అన్నదానమునకు విరాళమిచ్చుట, విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టుట, ఉచిత వైద్యశిబిరము తేదీని తెలిసికొనుట మొదలగునవి ధర్మసంస్థల వెబ్‌సైట్ల ద్వారా జరుగుచున్నవి. ఆ బాటలో అంధునకు చోటున్నదా యని విచారింపవలెను.

చూపులేనివారు కంప్యూటరునందలి అక్షరములను స్క్రీన్ రీడర్ అను సాధనముచే చదివించుకొని విందురు. శిబిరము తేదీని బొమ్మలో మాత్రమే చూపి, ఆ బొమ్మకు వివరణ వ్రాయనిచో ఆ సాధనము దానిని చదువజాలదు. దరఖాస్తులోని గడికి పేరు జతచేయనిచో అచట ఏమి నింపవలెనో వారికి తెలియదు. వంకర అక్షరములను గుర్తింపుమను పరీక్ష వారిపాలిట మూసిన తలుపే. ప్రవచనపు వీడియో క్రింద మాటలు అక్షరరూపమున లేనిచో బధిరునకది మూగబొమ్మలాట. మౌసును పట్టలేని చేతులకు కీబోర్డు మీటలతోనే సర్వము సాధ్యము కావలెను.

"అట్టివారెందరు వత్తురు? ఇంత శ్రమ యెందులకు?" అని కొందరందురు. 2011 జనగణన ప్రకారము భారతదేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. ఇట్టి సౌకర్యము జీవించు హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను ధర్మము సంఖ్యకొరకు ఎదురుచూడదు. జనకుడు లెక్క అడుగక దారి విడిచెను.

వికలాంగుడనగానే చేయిచాచువాడే యని తలచుట లోకములోని భ్రమ. అతడును దాతయే. తండ్రి ఆబ్దికమునాడు అన్నదానమునకు ధనమీయగోరిన అంధోపాధ్యాయుడు తన బ్యాంకు రహస్యసంఖ్యను పరునికి చెప్పుకొనవలసివచ్చుట ఎంత దైన్యము! అది అతని స్వార్జితమైన పుణ్యమునకు అడ్డుపడుట కాదా? అనాదరముతో ఇచ్చిన దానము తామసమని గీత పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. ఈయవచ్చినవానిని గుమ్మమునందే నిలిపివేయుట ఏ గుణమునకు చెందునో ధర్మకర్తలే యోచింపవలెను.

దీనికి మార్గము దుర్లభము కాదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అను సంస్థ 1999లోనే ఇందుకు సూత్రములను ప్రకటించి, తరువాత సవరించుచు వచ్చినది. సామాన్యమగు అక్షరమునకును, వెనుకటి రంగునకును గల వెలుగుల నిష్పత్తి కనీసము 4.5కు 1 ఉండవలెనన్నది వానిలో ఒకటి. సంస్థవారు మౌసును ప్రక్కనబెట్టి, మీటలతోనే తమ విరాళపు పుటను ఒకమారు దాటి చూడవలెను. పిమ్మట చూపులేని భక్తుని సగౌరవముగా పిలిచి, అతనిచేత ఒక్క రూపాయి సమర్పింపజేయవలెను. అతడు తడబడిన ప్రతి చోటును సరిదిద్దవలసిన చోటే.

నాడు మహారాజే స్వయముగా ప్రక్కకు తొలగెను. నేడు తొలగవలసినవి కొన్ని అడ్డంకులు మాత్రమే. సర్వజీవులయందును వెలుగొందు అంతర్యామికి ఆ దారిని తెరచుటయే అర్చనము.