మసక నక్షత్రం, అనుమాన ప్రమాణం

కంటికి కనిపించనిదాన్ని నిజమని ఎప్పుడు ఒప్పుకోవాలి? కొండమీది పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడాన్ని న్యాయదర్శనం అనుమానం అంటుంది. వాడుకలో ఆ మాటకు సందేహమని అర్థం. ఆ దర్శనంలో మాత్రం అది సరైన జ్ఞానాన్నిచ్చే ప్రమాణం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్ని వివరించాడు.

2008 నవంబరులో కనిపించిన ఎస్‌ఎన్ 2008హెచ్‌ఏ అనే సూపర్‌నోవా (నక్షత్ర విస్ఫోటనం) ఈ ప్రమాణానికి గట్టి పరీక్ష. తెల్ల మరుగుజ్జు నక్షత్రం పేలడంతో పుట్టే మామూలు టైప్ 1ఏ సూపర్‌నోవా వెలుగులో దీనిది నూరో వంతే. అందులోంచి పదార్థం ఎగిసిన వేగం కూడా సెకనుకు సుమారు 2,000 కిలోమీటర్లే. తెల్ల మరుగుజ్జు నక్షత్రం పూర్తిగా పేలలేకపోయిందని కొందరు, భారీ నక్షత్రపు గర్భం కూలిందని మరికొందరు నమూనాలు కట్టారు. ఒక హేతువు సాధించినదానికి ఎదురుగా మరో హేతువు నిలిస్తే తర్కశాస్త్రం దాన్ని సత్ప్రతిపక్షమనే దోషంగా లెక్కిస్తుంది. అప్పుడు తీర్పు ఆపడమే నిజాయితీ. తర్వాత తొలినాటి వర్ణపటంలో సిలికాన్, గంధకం గీతలు బయటపడ్డాయి. అవి తెల్ల మరుగుజ్జు పేలుళ్ల గుర్తులు కావడంతో మొగ్గు ఆ వైపు తిరిగింది.

ఇలాంటి వెలుగు హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడ పక్క డాబా మీది కంటికి అందదు. మసక వెలుగులను చూడటానికి నగరపు దీపాలకు దూరంగా జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును నిలబెట్టింది.