ప్రగల్భమును పాశుపతమును

భవానీపురమునుండి తూర్పునకు చూచిన కనబడు ఇంద్రకీలాద్రిమీదనే అర్జునుడు పాశుపతాస్త్రమునకై తపస్సు చేసెనని మన స్థలపురాణము. ఒక అడవిపందికి ఎవని బాణము ముందు తగిలినదను తగవులో సాక్షాత్తు పరమేశ్వరుడు బోయవేషమునను, గాండీవి మునివేషమునను కలియబడుటయు, అక్షయతూణీరములు వట్టిపోయి వీరుడు వింటికొప్పుతో కొట్టబోవుటయు తలచుకొన్నచో భక్తికి ముందు నవ్వే వచ్చును. నిత్యము కొండెక్కి దండములు పెట్టువారికి ఈ నవ్వు అపచారమని తోపకపోవుట విశేషము. అయితే మనుష్యులు నిజముగా చచ్చు యుద్ధమును చూచి నవ్వుట ధర్మమేనా?

పాశ్చాత్యుల వైజ్ఞానిక నవలలలో నక్షత్రయుద్ధములను వెక్కిరించునవి ఒక శాఖగా పెరిగినవి. 1965లో హ్యారీ హారిసన్ వెలువరించిన ‘బిల్, ది గెలాక్టిక్ హీరో’లో పల్లెటూరి కుఱ్ఱవాడొకడు బాజాల మోతకు మోసపోయి సైన్యమున చేరును; ఏడడుగుల రాక్షసులని చాటబడిన శత్రువులు తీరా చూడగా ఏడంగుళముల బల్లిజాతి ప్రాణులు; తుదకు ఆ బిల్లే తన తమ్ముని సైన్యమున చేర్చుకొనును. వియత్నాములో గాయపడి వచ్చిన జో హాల్డ్‌మన్ 1974లో వెలువరించిన ‘ది ఫరెవర్ వార్’లో నవ్వు తక్కువ, చేదు ఎక్కువ: 1100 ఏండ్లకు పైబడి సాగిన యుద్ధమునకు మూలము అపార్థమని తేలును. బూటకపు శత్రువు, నోటి శౌర్యము, ప్రయోగింపరాని మహాస్త్రము ఈ శాఖకు అలవాటైన సరకులు.

ఇవి మనకు క్రొత్తవి కావు. స్వర్గమునుండి తెచ్చిన దివ్యాస్త్రములను అన్నగారికి చూపుటకై అర్జునుడు ఎక్కుపెట్టగానే భూమి వణకెననియు, నారదుడు వచ్చి లక్ష్యము లేక అస్త్రములను వెలికి తీయరాదని వారించెననియు అరణ్యపర్వకథ. ఆయుధప్రదర్శనలు నడుపు నేటి ప్రభుత్వములకు నారదుడు దొరకకుండుట వేరు సంగతి.

కాని మన వెక్కిరింతకు మకుటము విరాటరాజు కొడుకైన ఉత్తరకుమారుడే. అంతఃపుర స్త్రీల నడుమ కూర్చుండి, తగిన సారథి లేకపోయెగాని కౌరవులనందఱను ఒక్కడనే గెలుతునని పలికిన ఆ బాలుడు, సేనాసముద్రమును కన్నంతనే రథము దూకి పరుగెత్తెను. జడ యెగురగా, చీరచెఱగులు రెపరెపలాడగా బృహన్నల వేషముననున్న అర్జునుడు వానిని తఱిమి పట్టుకొనుచుండ కౌరవభటులు నవ్విరి. తుదకు సమ్మోహనాస్త్రముచే మహారథులు సొమ్మసిల్లి పడియుండగా, చెల్లెలి బొమ్మపొత్తికలకై వారి వస్త్రములను కోసికొని వచ్చునదియు ఆ ఉత్తరుడే! లోకభీకరమైన అస్త్రమునకు ఇంతకు మించిన పరిహాసము ఏ నక్షత్రనవలలోను నేను చదువలేదు.

అయినను భారతకవి నవ్వినది భయమును చూచి కాదు; భయము నెఱుగని మాటను చూచి. భయపడిన బాలుని అర్జునుడు పరిహసింపలేదు, ఓదార్చి పగ్గములు చేతికిచ్చెను. నవ్వుటకు కవికిగల అధికారము ఇక్కడనే పుట్టినదని నా నిశ్చయము. నవ్వించినవానిని నవ్వుతోనే విడిచిపెట్టు వ్యంగ్యము చమత్కారమే కాని ధర్మవిచారము కాజాలదు. కనుక విరాటపర్వము చదివి నవ్విన పాఠకులు అక్కడనే పుస్తకము మూయక భీష్మపర్వమున మొదటినాటి యుద్ధము వఱకైనను చదువుదురుగాక. ఆనాడు ఏనుగునెక్కి శల్యుని రథముమీదికి పోయి, వెనుదిరుగక, అతని శక్తికి కూలినవాడు ఈ ఉత్తరకుమారుడే.