కోల్పోవుదుమను భయము

నేతకు పేరుగన్న నగరి పట్టణమున రాత్రి మరమగ్గము ఆగినను సెల్‌ఫోనులో ఆట ఆగని యిండ్లు నేడు కలవు. గడువులోపల ఆడనిచో బహుమానము పోవును, తోడివారిలో వెనుకబడుదుమను భయమే పెక్కుమారులు బాలుని మేల్కొలుపుచున్నది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వము పబ్జీని నిషేధించెను; 2021లో అది పేరు మార్చుకొని మరల వచ్చెను. నిషేధమువలన భయము తొలగలేదు.

అట్లని బాలుడు దోషియా? స్నేహితుల తోడు కోరుట దోషము కాదు. అయితే భయముచే ఆడు ఆట దాస్యమే యగును. ఇష్టలింగమును అరచేత నిలిపి ఏకాగ్రచిత్తుడైన శరణునకు ఆ క్షణమున కోల్పోవునది ఏదియు లేదు. కల్యాణమున అనుభవమంటపము అన్ని కులములవారికి సాంగత్యము నొసగెను. అట్టి సాంగత్యము ఇంట, మఠమున దొరకినప్పుడే బాలుడు ఫోనును తానై దించగలడు. కావున తల్లిదండ్రులు మందలించుటకు ముందు, లింగార్చనయందును దాసోహమునందును బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను.